లెక్కల్లోకి అక్షరం ఎప్పుడు రావాలి?

అయిదో తరగతి దాకా లెక్కలంటే అంకెలే. ఆరో తరగతిలో అంకెల పక్కకు అక్షరం వస్తుంది. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా అక్కడ ఆగిపోతారు. లెక్కల ఉపాధ్యాయులు కలిసిన చోట ఈ ముచ్చట రాకుండా ఉండదు. "సూత్రం ఇస్తే చేస్తరు, అది ఎట్ల వచ్చిందంటే నోరు తెరవరు" అని ఒకరంటే, "భాగహారమే రానోళ్లకు బీజగణితం ఏం చెప్తం" అని ఇంకొకరంటారు. రెండు మాటలూ నిజమే. మొదటిది బోధన గురించి, రెండోది పునాది గురించి.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల దాకా బీజగణితం ఎలా మొదలుపెట్టాలన్నది ప్రపంచమంతా దాదాపు యాభై ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న. వచ్చిన జవాబుల్లో మన పాఠ్యపుస్తకాలు ఒకదాన్ని పట్టుకున్నాయి: నమూనాలతో మొదలుపెట్టి, నియమం కనిపెట్టించి, దాన్ని బీజీయ సమాసంగా రాయించడం. ఆ దారి ఎంతవరకు తీసుకెళ్తుంది, ఎక్కడ వదిలేస్తుంది, ఆత్మకూర్ లాంటి ఊరి బడిలో దానికి ఇంకేం తోడు కావాలి అన్నది ఇక్కడ పరిశీలిద్దాం.

ఆత్మకూర్ అంటే పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. ఒకప్పుడు అమరచింత సంస్థానానికి కేంద్రం, 2016 అక్టోబర్ నుంచి వనపర్తి జిల్లాలో మండల కేంద్రం, కృష్ణ మీద జూరాల ప్రాజెక్టుకు పక్క ఊరు. పూర్వపు నల్లగొండ జిల్లాలోనూ ఆత్మకూర్లున్నాయి: ఒకటి (ఎం), ఒకటి (ఎస్). ఏ ఆత్మకూర్‌కు పోయినా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆరో తరగతి గదిలో ప్రశ్న ఇదే.

రాసే పద్ధతి గురించి ఒక మాట. పుస్తకాల్లో ఇంగ్లిషు అక్షరం ఉండే చోట ఈ వ్యాసంలో "న" అని రాస్తున్నాను. న అంటే ఎన్నోది, లేదా ఎన్ని అనుకుంటే సరిపోతుంది.

మాట ముందు, గుర్తు తర్వాత

బడిలో అక్షరంతో మొదలయ్యే బీజగణితం చరిత్రలో అక్షరంతో మొదలు కాలేదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ తన గ్రంథమంతా మాటల్లోనే రాశాడు. వర్గ సమీకరణాల సాధన కూడా వాక్యాల్లోనే ఉంటుంది, గుర్తులుండవు. అంతకు ముందే 628లో బ్రహ్మగుప్తుడు తెలియని రాశులకు రంగుల పేర్లు వాడాడు. 1150 నాటి భాస్కరాచార్యుడి బీజగణితంలో మొదటి తెలియని రాశి యావత్తావత్, ఆ తర్వాతివి కాలకం, నీలకం, పీతకం. పేరులో మొదటి అక్షరాన్ని పొట్టిగుర్తుగా రాసేవారు. తెలిసిన రాశులకూ తెలియని రాశులకూ అక్షరాలు పెట్టి పద్ధతిగా రాసినవాడు ఫ్రాన్స్‌కు చెందిన వియెట్. అది 1591 నాటి సంగతి.

మన దగ్గరా లెక్క మాటల్లోనే నడిచింది. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అందులో నియమమంటే ఒక వాక్యం: ఫలానా దాన్ని ఫలానా దానితో గుణించి, దీన్ని కలుపు. శ్రేఢులు, అంటే వరసగా పెరిగే సంఖ్యల మొత్తాలు, భారతీయ గణితంలో ఆర్యభటుడి నాటి నుంచీ ఉన్నాయి. కేరళలో నీలకంఠ సోమయాజి ఆర్యభటీయ భాష్యంలో ఆ మొత్తాలు ఎందుకు అంతే అవుతాయో బొమ్మ పేర్చి చూపించినట్టు వివరించాడు. నమూనాను కంటితో చూసి నియమం చెప్పడం అప్పుడు పెద్దల గణితమే, పిల్లల ఆట కాదు.

ఈ చరిత్రను బడిలో మళ్లీ నడిపించాల్సిన పని లేదు. కానీ వరస గమనించాలి. అమరిక, దాని గురించి నోటి మాట, ఆ తర్వాతే గుర్తు. మన తరగతి గదుల్లో నడిమి మెట్టు తరచూ మాయమవుతుంది. ఈ వ్యాసం వాదన కూడా దాని గురించే.

నాలుగు దారులు

బీజగణితంలోకి పిల్లల్ని తీసుకెళ్లే మార్గాలను 1996లో బెడ్నార్జ్, కీరన్, లీ సంపాదకత్వంలో వచ్చిన ఒక గ్రంథం నాలుగుగా విడదీసింది: సాధారణీకరణ, సమస్యా సాధన, నమూనీకరణ, ప్రమేయాలు. బడి భాషలో చెప్పాలంటే, అమరికలో నియమం వెతకడం ఒకటి. పద సమస్యలో తెలియని రాశిని పట్టుకోవడం రెండోది. లోకంలో జరిగేదాన్ని లెక్కగా రాయడం మూడోది. ఒకటి మారితే ఇంకొకటి ఎలా మారుతుందో పట్టికలో, గ్రాఫులో చూడడం నాలుగోది. వీటికి బయట ఇంకో దారి కూడా ఉంది. సోవియట్ రష్యాలో దవిదోవ్ బృందం అంకెల కంటే ముందే అక్షరాలు నేర్పింది. ఒకటో తరగతి పిల్లలు రెండు తాళ్లను, రెండు గిన్నెల్లోని నీళ్లను పోల్చి, ఏది ఎక్కువో అక్షరాలతో రాసేవారు.

మన పాత పుస్తకాల్లో రెండో దారి ఉండేది. కొన్ని నిర్వచనాలు, కొన్ని నియమాలు, ఆ వెంటనే సమీకరణం. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి పుస్తకం బీజగణితాన్ని అగ్గిపుల్లల అమరికలతో మొదలుపెట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళికా పరిధిపత్రం దరిమిలా వచ్చిన పుస్తకాలూ ఆ బాటే పట్టాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో బీజగణిత పరిచయం అదే పద్ధతిలో కొనసాగింది. జాతీయ స్థాయిలో 2024లో వచ్చిన ఆరో తరగతి గణిత ప్రకాశ్ ఇంకో అడుగు వేసింది. పుస్తకంలో మొదటి అధ్యాయమే గణితంలో నమూనాల గురించి. 2025లో వచ్చిన ఏడో తరగతి పుస్తకం అక్షరాలున్న సమాసాలకు ముందు అచ్చంగా సంఖ్యా సమాసాలకే ఒక అధ్యాయం కేటాయించింది. ఈ రెండో మార్పు మొదటిదానికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. కారణం కింద చెబుతాను.

అక్షరం అంటే పిల్లలు ఏమనుకుంటారు

ఈ రంగంలో గట్టి పునాది వేసిన పని 1970ల చివర ఇంగ్లండ్‌లో జరిగింది. 13 నుంచి 15 ఏళ్ల పిల్లల జవాబులు చూసి కూషెమన్ అక్షరాన్ని పిల్లలు ఆరు రకాలుగా తీసుకుంటారని తేల్చాడు. కొందరు దానికి తోచిన విలువ వేసేస్తారు. కొందరు అసలు పట్టించుకోరు. కొందరు దాన్ని వస్తువు అనుకుంటారు. ఇంకొందరికి అది తెలియని ఒకే ఒక్క సంఖ్య. ఏ సంఖ్యకైనా నిలబడేదిగా, మారే రాశిగా చూసేవాళ్లు చాలా తక్కువ. ఆస్ట్రేలియాలో మెక్‌గ్రెగర్, స్టేసీ 1997లో ప్రచురించిన అధ్యయనంలో అక్షరమాలలో ఎన్నో అక్షరమైతే అంత విలువ అనుకునే పిల్లలు కూడా కనిపించారు. బొత్తిగా తర్కం లేని తప్పు కాదది. గూఢలిపి ఆటల్లో నేర్చుకున్నదాన్నే పిల్లలు ఇక్కడికి మోసుకొచ్చారు.

అక్షరాన్ని వస్తువు చేసే తప్పు మాత్రం మనమే నేర్పుతాం. మామిడిపండ్లకు ఒక అక్షరం, అరటిపండ్లకు ఒక అక్షరం పెట్టి, మూడు మామిడిపండ్లూ రెండు అరటిపండ్లూ కలవవు కాబట్టి విజాతి పదాలు కలవవని చెబుతాం. ఆ పూటకు పాఠం సాఫీగా సాగుతుంది. వారం తిరిగేసరికి అదే అక్షరానికి 5 విలువ వేయమంటాం. మామిడిపండు విలువ 5 ఎలా అవుతుంది? పండు ధర కావచ్చు, పండ్ల సంఖ్య కావచ్చు. పండు మాత్రం కాదు. రెండు అక్షరాల గుణకారం వచ్చేసరికి ఈ కథ పూర్తిగా కూలిపోతుంది. మామిడిపండును అరటిపండుతో గుణించేదెట్లా?

రెండో చిక్కు జవాబు గురించి. అంకెల లెక్కలో చివరికి ఒక సంఖ్య రావాలి. 3న + 1 దగ్గర ఆగమంటే పిల్లలకు లెక్క సగంలో వదిలేసినట్టు ఉంటుంది. అందుకే దాన్ని 4న చేసేస్తారు. ఇది అజాగ్రత్త కాదు. అయిదేళ్లు బడి నేర్పిన అలవాటుకు నమ్మకంగా ఉండడం.

మూడో చిక్కు సమానం గుర్తు. అమెరికాలో 1999లో ఫాక్‌నర్, లెవీ, కార్పెంటర్ రాసిన వ్యాసంలో ఒక చిన్న ప్రశ్న ఉంది: 8 + 4 = □ + 5. ఆరో తరగతి పిల్లలు 145 మందిని అడిగితే అందరూ 12 అనో 17 అనో రాశారు. 7 అని ఒక్కరూ రాయలేదు. సమానం అంటే "ఇక జవాబు రాయి" అనే ఆజ్ఞగా తీసుకోవడం వల్ల వచ్చిన ఫలితమిది. ఈ ప్రశ్నకు బ్లాక్‌బోర్డు మీద అర నిమిషం చాలు. ఆరో తరగతి తీసుకునే ఏ ఉపాధ్యాయుడైనా జూన్‌లో అడిగి చూడవచ్చు. ఈ గుర్తు స్థిరపడకుండా సమీకరణానికి పోతే పక్షాంతరం అనేది "అటు పోతే గుర్తు మారుతుంది" అనే మంత్రంగా మిగులుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఏడో తరగతి పుస్తకంలో సామాన్య సమీకరణాలు ముందు, బీజీయ సమాసాలు తర్వాత వచ్చాయి. అంటే రెండు వైపులా ఉన్న సమాసాలను చదవడం నేర్చుకోక ముందే సమీకరణాలను సాధించమని అడిగినట్టు.

నమూనా ఏమిస్తుంది

పుల్లలతో వరసగా చతురస్రాలు పేర్చే అమరిక అందరికీ తెలిసిందే. ఒకటికి 4 పుల్లలు, రెండు కలిపి పేరిస్తే 7, మూడింటికి 10. పదింటికి ఎన్ని? నూటికి ఎన్ని? పదింటిని గీసి లెక్కపెట్టొచ్చు. నూరింటిని గీయలేరు కాబట్టి నియమం కావాలి. నియమం అవసరం పిల్లలకే తెలిసిరావడం ఈ దారికున్న అసలైన బలం.

నియమం ఒకటే, చూసే తీరు అనేకం. ఒకమ్మాయి మొదటి చతురస్రానికి 4, ఆపై ప్రతిదానికి మూడేసి అంటుంది: 4 + 3(న − 1). ఇంకొకరు ఎడమ చివర ఒక్క పుల్ల పక్కన పెడితే ప్రతి చతురస్రానికీ మూడే అంటారు: 3న + 1. మరొకరు పైన న, కింద న, నిలువుగా న + 1 అంటారు. నాలుగో పిల్లవాడు అన్నింటికీ నాలుగేసి వేసి, రెండుసార్లు లెక్కకు వచ్చిన పుల్లల్ని తీసేస్తాడు: 4న − (న − 1). బోర్డు మీద నాలుగు సమాసాలున్నాయి, పుల్లలు మాత్రం అవే. అలాంటప్పుడు ఈ నాలుగూ ఒకటే కావాలి కదా అన్న ప్రశ్న తరగతిలోంచే పుడుతుంది. సజాతి పదాలు కలపడానికీ, బ్రాకెట్లు విప్పడానికీ అప్పుడొక కారణం దొరుకుతుంది. అభ్యాసంలో ఇరవై లెక్కలు చేయించినా రాని కారణమది.

దీనికి మన వాకిళ్లలో ఇంకా లోతైన సరుకు ఉంది. సంక్రాంతి ముగ్గుకు చుక్కలు పెట్టే పద్ధతే చూడండి. మధ్య వరసలో 7 చుక్కలు, సందు చుక్కలతో రెండు వైపులా 1 వచ్చేదాకా పెడితే మొత్తం ఎన్ని? 1, 2, 3, 4, 5, 6, 7, 6, 5, 4, 3, 2, 1 కలిపితే 49. మధ్య వరస 5 అయితే 25. పిల్లలు రెండు మూడు ముగ్గులు చూడగానే మధ్య వరసను దానితోనే గుణిస్తే చాలంటారు. అక్కడితో పాఠం అయిపోలేదు, అక్కడే మొదలవుతుంది. ఎందుకు? పై వరసల్లో 1ని కింది వైపున్న 6తో, 2ని 5తో జత చేస్తే ప్రతి జత 7 అవుతుంది. అలా ఆరు జతలు, మధ్య వరస ఏడోది. లేదా తల వాల్చి ఏటవాలు గీతల వెంట చూస్తే ఏడు గీతలు, గీతకు ఏడు చుక్కలు. ఇలా చెప్పగలిగిన పిల్లకు న² అనేది కంఠస్థం చేసిన ముక్క కాదు.

అదే చుక్కలు సందున కాకుండా చుక్క కింద చుక్క వచ్చేలా, వరసకు అటొకటి ఇటొకటి తగ్గిస్తూ పెడితే 1, 3, 5, 7, 5, 3, 1 వస్తాయి. మొత్తం 25. పై నాలుగు వరసలు కలిపితే 16, కింది మూడు 9. రెండూ వర్గాలే. పైనుంచి మధ్య వరస దాకా న వరసలుంటే మొత్తం న² + (న − 1)². ఇక ముగ్గుల పుస్తకాల్లో తరచూ కనిపించే రకం, 7 చుక్కలు, సందు చుక్క 4 వచ్చేదాకా. 4, 5, 6, 7, 6, 5, 4 కలిపితే 37. దీన్ని వరసలుగా కాక చుట్లుగా చూడాలి: నడుమ ఒక చుక్క, దాని చుట్టూ 6, ఆ పైన 12, ఆ పైన 18. ఇది ఎనిమిదో తరగతికి సరిపోయే సవాలు. ఎవరు ఎలా చూశారన్నదాన్ని బట్టి 1 + 6(1 + 2 + 3) అని రాయొచ్చు, వరసల లెక్క వేసి 3న² − 3న + 1 దాకా పోవచ్చు. ఇక్కడ న అంటే చివరి వరసలోని చుక్కలు. న 4 అయితే 48 − 12 + 1, సరిగ్గా 37.

ఇళ్లల్లో ముగ్గు పెట్టేవాళ్లకు ఈ చుక్కల క్రమం చేతి అలవాటుగా తెలుసు. పెద్ద ముగ్గు మొదలుపెట్టే ముందు వాకిలి పడుతుందా లేదా అని వాళ్లు వేసుకునే అంచనాలో నియమం దాగే ఉంటుంది. అది తరగతి గదిలోకి రావడానికి అడ్డు లేదు. ఆడపిల్లలకు అక్కడ ముందడుగు దొరుకుతుంది కూడా.

గోడమీది క్యాలెండర్ కూడా మంచి ముడిసరుకే. పక్కపక్కన రెండు, కింద రెండు తేదీల గడి తీసుకుంటే ఎదురెదురు మూలల మొత్తాలు సమానం, ఎందుకంటే న + (న + 8), (న + 1) + (న + 7) ఒకటే. మూడు మూళ్ల గడిలో తొమ్మిది తేదీల మొత్తం నడిమి తేదీకి తొమ్మిది రెట్లు. సంఖ్యల నమూనాల ద్వారానే బీజగణితం నేర్పాలని చెన్నైలో దశాబ్దాల పాటు పనిచేసి చూపించిన లెక్కల ఉపాధ్యాయుడు పి.కె. శ్రీనివాసన్. ఖర్చులేని వస్తువులతో లోతైన లెక్క నడపొచ్చని ఆయన పని రుజువు చేసింది.

ఎక్కడ వదిలేస్తుంది

నమూనా దారి మీద విమర్శలు కూడా గట్టివే. మొదటిది, పిల్లలు బొమ్మను వదిలేసి పట్టికను పట్టుకుంటారు. 4, 7, 10 చూసి "మూడు మూడు పెరుగుతోంది" అంటారు. ఇది తర్వాతి సంఖ్య చెప్పడానికి చాలు, నూరో సంఖ్యకు చాలదు. స్టేసీ 1989లో దగ్గరి పదానికీ దూరపు పదానికీ ఉన్న ఈ తేడానే పరిశీలించింది. దూరపు పదం అడిగితే పిల్లలు చేసే పేరుమోసిన తప్పొకటుంది: పది చతురస్రాలకు 31 పుల్లలైతే ఇరవైకి 62 అనడం. సరైన జవాబు 61. అతికిన చోట ఒక పుల్ల తగ్గుతుందని బొమ్మ చెబుతుంది, పట్టిక చెప్పదు.

రెండోది లెస్లీ లీ అన్న మాట సారాంశం: పిల్లలకు నమూనా కనిపించకపోవడం సమస్య కాదు, బీజగణితానికి పనికొచ్చే నమూనా కనిపించకపోవడం సమస్య. ఒక అమరికలో పది విషయాలు కనిపిస్తాయి. అందులో న మీద ఆధారపడేది ఏదో, పడనిది ఏదో విడదీయడమే నేర్పాల్సిన నైపుణ్యం. అది దానంతటది రాదు.

మూడోది, నమూనా మోసం చేయగలదు. వృత్తం మీద చుక్కలు పెట్టి ఒకదానితో ఒకటి గీతలతో కలిపితే లోపల ఏర్పడే ముక్కలు లెక్కపెట్టండి. ఒక చుక్కకు 1, రెండింటికి 2, ఆపై 4, 8, 16. ఆరు చుక్కలకు 32 అని తరగతి అంతా అరుస్తుంది. మూడు గీతలు ఒకే చోట కలవకుండా జాగ్రత్తగా గీసి లెక్కపెడితే 31. ఎందుకన్నది తెలియని నియమం అయిదుసార్లు పనిచేసి ఆరోసారి చెయ్యివ్వగలదు. ఈ ఒక్క లెక్క ఏడో తరగతిలో తప్పకుండా చేయించాలి.

నాలుగో చిక్కు మన పరీక్షలది. ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్ ఉపకార వేతనం పరీక్షలో మానసిక సామర్థ్య విభాగానికి 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. పల్లె బడికి ఇది చిన్న మొత్తం కాదు, ఉపాధ్యాయులు శ్రద్ధగా తయారు చేయిస్తారు. అయితే అందులో సంఖ్యా శ్రేణుల ప్రశ్నలు అడిగేది "తర్వాతి సంఖ్య ఏది" అని. నాలుగింటిలో ఒకటి ఎంచుకుంటే చాలు. నియమం రాయనక్కర లేదు, కారణం చెప్పనక్కర లేదు. దాంతో నమూనా అంటే తేడాలు తీసి ఊహించే ఒడుపుగా మారిపోతుంది.

సమాసాన్ని చదవడం

పిల్లలకు 3న + 1 చదవడం రావాలంటే ముందు 3 × 5 + 1 చదవడం రావాలి. 16 అని చెప్పడం వేరు, దాన్ని చదవడం వేరు. ముంబైలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రంలో రాఖీ బెనర్జీ, కె. సుబ్రమణియం ఆరో తరగతి పిల్లలతో చేసిన పని ఈ ప్రశ్న మీదే. 19 − 7 + 4 ఇస్తే చాలామంది పిల్లలు 7, 4 కలిపి 19లోంచి 11 తీసి 8 అంటారు. సరైనది 16. బాడ్మాస్ వల్లె వేయిస్తే ఈ తప్పు పోదు. ప్రక్రియల వరస చెప్పే ఆ పేరులో వ్యవకలనం కంటే సంకలనం ముందు ఉంది కాబట్టి ఒక్కోసారి పెరుగుతుంది కూడా. ఆ పరిశోధకులు గుర్తుతో సహా ప్రతి ముక్కనూ ఒక పదంగా గడి కట్టి చూపించారు: +19, −7, +4. గడులను ఏ వరసలో పెట్టినా విలువ మారదని, ఏ గడి మారితే విలువ ఎంత మారుతుందో లెక్క చేయకుండానే చెప్పొచ్చని పిల్లలకు అర్థమైంది. 27 + 32, 29 + 30 సమానమా అంటే కూడిక చేయకుండా, ఇక్కడ రెండు పెరిగింది, అక్కడ రెండు తగ్గింది అని చెప్పగలగాలి. అది అంకెలతో చేస్తున్న బీజగణితం.

అందుకే సంఖ్యా సమాసాల అధ్యాయం అక్షరాల అధ్యాయానికి ముందు రావడాన్ని పెద్ద మార్పుగా లెక్కించాను. నమూనా నియమాన్ని పుట్టిస్తుంది. పుట్టిన నియమాన్ని రాసి, విప్పి, ఇంకో నియమంతో పోల్చడానికి సమాసం చదవడం రావాలి. ఒకటి లేకుండా రెండోది కుంటుతుంది. పుల్లల లెక్కలో నాలుగు సమాసాలు ఒకటేనని చూపించాలంటే −(న − 1)లో బ్రాకెట్ విప్పాలి. సంఖ్యలతో ఆ పని చేయని పిల్లవాడు అక్కడ ఆగిపోతాడు.

పద సమస్యల్లో ఇదే లోపం ఇంకో రూపంలో బయటపడుతుంది. ఒక విశ్వవిద్యాలయంలో ఒక్కో ఆచార్యుడికి ఆరుగురు విద్యార్థులున్నారు, దీన్ని సమీకరణంగా రాయమని అమెరికాలో ఇంజనీరింగ్ చదువుతున్నవారిని 1980ల మొదట్లో అడిగితే మూడింట ఒక వంతుకు మించి తప్పు రాశారు. ఆరు రెట్లను విద్యార్థుల వైపే పెట్టారు. పెద్ద చదువులకు వెళ్లినా అక్షరాన్ని సంఖ్యగా కాక మనుషులకు పెట్టిన పేరుగా చూసే అలవాటు పోలేదన్నమాట. దీనికి విరుగుడు చిన్నదే. రాసిన సమీకరణంలో సంఖ్యలు వేసి చూడడం: ఆచార్యులు 10 మంది అయితే విద్యార్థులు ఎంతమంది? ఈ తనిఖీని ఏడో తరగతిలోనే అలవాటు చేయాలి.

ఊరి లెక్క, ఊరి పరిమితి

మారే రాశి అంటే ఏమిటో చెప్పడానికి ఆత్మకూర్ పిల్లలకు చేరువలోనే మంచి ఉదాహరణ ఉంది. జూరాల జలవిద్యుత్ కేంద్రంలో ఆరు యూనిట్లు, ఒక్కొక్కటి 39 మెగావాట్లు. న యూనిట్లు పూర్తి సామర్థ్యంతో నడిస్తే 39న మెగావాట్లు. ఆరూ నడిస్తే 234. దిగువ జూరాలలో ఒక్కొక్కటి 40 మెగావాట్ల ఆరు యూనిట్లు, అక్కడ 40న, మొత్తం 240. ఎగువన వరద వచ్చినప్పుడు న పెరుగుతుంది, ఎండాకాలం సున్నా అవుతుంది. ఏడు కాలేదు, రెండున్నర కాలేదు. ఒక అక్షరానికి ఏ విలువలు చెల్లుతాయి, ఏవి చెల్లవు అన్న ప్రశ్న పుస్తకంలోని అభ్యాసాల్లో సాధారణంగా రాదు. వార్తాపత్రికలో జూరాల నీటి వివరాలు చదివే ఊరిలో అది సహజంగా వస్తుంది. రెండు కేంద్రాలూ కలిపితే ఎంత? రెండింటిలో సమానంగా న యూనిట్లు నడుస్తుంటే 79న. వేర్వేరుగా నడుస్తుంటే ఒక్క అక్షరం చాలదు. రెండో అక్షరం ఎందుకు పుడుతుందో ఇంతకంటే సూటిగా చెప్పలేం.

మంచి ఉదాహరణ ఉన్నంత మాత్రాన తరగతి నడవదు. అసర్ సర్వేల ప్రకారం గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 2018లో 44.1 శాతం, 2022లో 44.7, 2024లో 45.8. సగం కంటే తక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు, ఆ తర్వాతి ఏడాది ఉన్నత పాఠశాలలకు ఉన్నతి పేరుతో కార్యక్రమాలు తెచ్చింది ఈ లోటును చూసే. అయితే భాగహారం వచ్చేదాకా బీజగణితం ఆపాలా? ఆపనక్కర లేదనే అనుకుంటాను. పుల్లల లెక్కకు, ముగ్గు లెక్కకు పెద్ద భాగహారం అక్కర లేదు. ఎక్కం సరిగా రాని పిల్ల కూడా "ఎన్ని డబ్బాలుంటే వాటికి మూడింతల పుల్లలు, మొదట్ల ఒకటెక్కువ" అనగలదు. అంకెల్లో వెనకబడ్డవారికి ఆలోచనలో ముందుకొచ్చే అవకాశం నమూనా ఇస్తుంది. తిరిగి అదే లెక్కలో కూడిక, గుణకారం సాధన అవుతాయి. ఆ సాధనను మాత్రం విడిగా కూడా చేయించాలి. నమూనా దానికి బదులు కాదు.

హాజరు ఇంకో సమస్య. పాలమూరు (మహబూబ్‌నగర్) వలసల కథ పాతదే, ఇంకా పూర్తిగా ముగియలేదు. గద్వాల వైపు విత్తన పత్తి క్రాసింగ్ పనులున్న రోజుల్లో కొన్ని ఊళ్ల బడుల్లో బెంచీలు ఖాళీ అవుతాయని ఏళ్లుగా వార్తలు వస్తూనే ఉన్నాయి. బీజగణితం మెట్లు మెట్లుగా కట్టే పాఠం. నడుమ మూడు వారాలు పోతే మిగతాది అర్థం కాదు. అమరికలతో చేసే పాఠానికి ఇక్కడ ఒక మేలుంది. తిరిగొచ్చిన పిల్లవాడు పాత నోట్సు ఎక్కించుకోనక్కర లేదు, బొమ్మ ముందు కూర్చుని మళ్లీ లెక్కపెట్టొచ్చు.

మూడోది మాధ్యమం. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగుతో ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. గుర్తుల్లో రాసింది ఏ భాషలోనైనా ఒకటే, కానీ గుర్తుకు ముందున్న వాక్యం అలా కాదు. నియమాన్ని పిల్లలు మొదట ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పాలి. "ఎన్ని ఉంటే అన్ని" అనే వాక్యం పాలమూరు పిల్లల నోట్లో పుట్టినప్పటి నుంచీ ఉంది. ఆ వాక్యాన్ని దాటించి నేరుగా ఇంగ్లిషు పదాల్లో నియమం చెప్పమంటే రెండు బరువులు ఒకేసారి మోయమన్నట్టు. ఎదురు పేజీలోని తెలుగు చదువుకోవడానికే కాదు, తరగతిలో మాట్లాడడానికి కూడా అనుమతి అని ఉపాధ్యాయులు తీసుకోవాలి.

ఏం మారాలి

ఇన్ని అధ్యయనాలు, ఇన్ని పుస్తకాలు చూశాక తేలేది ఇది. ఒకే దారి సరైనదని ఎవరూ రుజువు చేయలేదు. నమూనాలతో మొదలుపెట్టడం మంచిదే, మన పుస్తకాలు ఎంచుకున్నది తప్పు కాదు. కానీ దాని ఫలితం మూడు షరతుల మీద ఆధారపడి ఉంది. నియమానికి కారణం బొమ్మలో చూపించమని అడగడం ఒకటి. అక్షరం రాసే ముందు నియమాన్ని పిల్లలు తమ మాటల్లో ఒక పూర్తి వాక్యంగా చెప్పడం, రాయడం రెండు. దీనికి సమాంతరంగా సంఖ్యా సమాసాలను చదివించడం, సమానం గుర్తును సరిచేయడం మూడు. వీటిలో ఏది తప్పినా నమూనా పాఠం ఒక సరదా పిరియడ్‌గా మిగిలి, ఆ వారమే సూత్రాల కంఠస్థం తిరిగొస్తుంది.

ఇందులో దేనికీ కొత్త సామగ్రి అక్కర లేదు. సమయం కావాలి. పుల్లల అమరిక మీద ఒక్క పిరియడ్ కాకుండా మూడు పిరియడ్లు పెడితే సిలబస్ వెనకబడుతుందన్న భయం ఉపాధ్యాయులకుంది. ఆ భయం న్యాయమైనదే. దాన్ని తీర్చాల్సింది ప్రశ్నపత్రం తయారు చేసేవాళ్లు. సమ్మేటివ్ పరీక్షలో "తర్వాతి పదం ఎంత" అన్న ప్రశ్న స్థానంలో "ఇద్దరు పిల్లలు ఒకే ముగ్గుకు రెండు నియమాలు రాశారు, రెండూ సరైనవేనా, ఎందుకు" అన్న ఒక్క ప్రశ్న నాలుగు మార్కులకు వస్తే చాలు. ఆ నాలుగు మార్కుల కోసం తరగతి గదులు మాట్లాడడం మొదలుపెడతాయి. బోధన మారమని ఉపాధ్యాయులకు చెప్పే ముందు అడిగే ప్రశ్న మార్చాలి.